వాల్వు మీద ఎర్ర రంగు

“మాస్టారూ, తప్పు ఎదుటివాళ్ళలో ఉందో మన చూపులో ఉందో తెలిసేదెట్లా?” అని నీలవేణి అడిగింది. కోదండపాణి మాస్టారు బాలానగర్‌లో బస్సు బ్రేకుల వాల్వులు చేసే కార్ఖానాలో తనిఖీ విభాగానికి పెద్ద, నీలవేణి ఆయన కిందే పనిచేస్తుంది. ఏదైనా అడిగితే చాయ్ తెప్పిస్తారే తప్ప జవాబు చెప్పరని ఆయనకు పేరు. ఆ రోజూ చాయే వచ్చింది.

మర్నాడు మధ్యాహ్నం తనిఖీ గదిలో పని ఆగిపోయింది. వాల్వుల్లో గాలి వెళ్ళే సన్నటి రంధ్రాల్లోకి నీలవేణి కెమెరా గొట్టం దించి చూస్తే, ప్రతి రంధ్రం గోడ మీదా చీలికలాంటి నల్లటి గీత కనపడింది. అలాంటి వాల్వు బస్సుకెక్కితే ఏ ఘాట్ రోడ్డులోనో బ్రేకు పట్టదు. పనికిరావని గుర్తుగా పెట్టెడు వాల్వులకూ ఆమె ఎర్ర రంగు పూసేసింది. మేనేజరు జగన్నాథరావు, వాటికి రంధ్రాలు వేసిన సైదులును పిలిపించాడు.

“మొండి డ్రిల్లుతో లాగించేశావు. రేపట్నుంచి పనికి రావద్దు.”

“పొద్దుగాలనే కొత్త డ్రిల్లు ఎక్కించిన సార్,” అన్నాడు సైదులు. మాట మేనేజరుతో అంటున్నా చూపు నీలవేణి మీదే ఉంది. ఆమె తలెత్తలేదు.

మాస్టారు వచ్చి ఆమె వెనక నిలబడ్డారు. “గొట్టాన్ని అక్కడే ఉంచి మెల్లగా తిప్పమ్మా.”

తిప్పింది. తెర మీద రంధ్రం గోడ జరుగుతూ పోయింది. గీత మాత్రం జరగలేదు, తెర మధ్యలో అలాగే ఉండిపోయింది. నీలవేణి గొట్టం బయటికి తీసి చూస్తే, కొసనున్న చిన్న అద్దానికి ఒక పీచు అంటుకుని ఉంది. రంధ్రాలన్నీ శ్రద్ధగా గుడ్డతో తుడిచిన మనిషి, ఆ గుడ్డ పీచే తన అద్దానికి అంటుకుంటే చూసుకోలేదు. తనిఖీ చేసేవాళ్ళకు తరచూ వచ్చే జబ్బే ఇది.

సైదులు గోడకు ఆనుకున్నాడు. మేనేజరు నవ్వేసి, “బతికించారు. రంగు తుడిపించి లారీకెక్కించండి,” అన్నాడు.

“అన్నీ మళ్ళీ చూశాక,” అన్నారు మాస్టారు.

నీలవేణి అద్దం తుడిచి మళ్ళీ మొదలుపెట్టింది. సిగ్గుతో చెవులు కాలిపోతున్నాయి. ఒక్కో వాల్వూ చూసి, బాగుంటే రంగు తుడిచి పక్కన పెడుతోంది. సైదులు ముఖం తేటపడుతోంది. పెట్టె అడుగుకు వచ్చేసరికి ఒక రంధ్రంలో నల్లటి గీత కనపడింది. గొట్టం తిప్పింది. గీత గోడతోపాటు జరిగి తెర దాటిపోయింది. చుట్టూ తిప్పితే మళ్ళీ వచ్చింది. ఇంకోసారి తిప్పింది, మళ్ళీ అంతే. ఇందాకే అన్యాయంగా అతని కూడు పోగొట్టబోయింది. ఇప్పుడు మళ్ళీ అతని ఎదుటే నోరు విప్పాలి. ఊరుకుంటే ఎవరికీ తెలియదు. ఆమెకు ఊరుకోవాలనే ఉంది.

“సైదులన్నా, ఇందులో ఉంది,” అంది.

అతను వచ్చి తెర చూశాడు. గొట్టం తనే పట్టుకుని ఒక చుట్టు తిప్పాడు. “ఉన్నది మేడమ్. ఇది నాదే.”

నీలవేణి ఆ వాల్వును తుక్కు డబ్బాలో వేయబోతే మాస్టారు చెయ్యి అడ్డం పెట్టారు.

“రంగు?”

“ముందే పూసి ఉంది కదా మాస్టారూ.”

“అది తుడిచెయ్యమ్మా,” అన్నారాయన. “తుడిచి, ఇప్పుడు పూయి.”