గుడ్డలు నిద్రపోయే గది

అనగనగా ఒక ఏరు. ఏటి నీళ్ళకు ఏ రంగూ లేదు గానీ, ఒడ్డున ఉన్న ఊరికి మాత్రం లేని రంగంటూ లేదు. అది అద్దకం వాళ్ళ ఊరు. అక్కడ కాకులు కూడా ఒక రెక్క ఎర్రగా, ఒక రెక్క నీలంగా ఎగిరేవని చెప్పుకునేవారు. నేను నమ్మలేదు. మీరు నమ్మితే మీ ఇష్టం.

ఆ ఊళ్ళో అద్దకం పనికి పెద్ద పానకాలు. జుట్టు నెరిసింది గానీ చెయ్యి వణకలేదు. వెదురు కలంతో తెల్లగుడ్డ మీద నెమళ్ళనూ లేళ్ళనూ నల్లటి గీతల్లో గీసేవాడు. ఎరుపు రావలసిన చోటల్లా పటిక నీళ్ళు పూసేవాడు. పటిక నీళ్ళకు రంగుండదు. పూసినా పూయనట్టే కనిపిస్తుంది. ఆ గుడ్డను చీకటి గదిలో దండెం మీద కొన్నాళ్ళు ఉంచి, తర్వాత ఏట్లో ఉతికి, రాగి కాగులో రంగునిచ్చే ఎర్రని చెట్టువేళ్ళు వేసి ఉడికించాలి. అప్పుడు పటిక పట్టిన చోటల్లా ఎరుపు నెమ్మదిగా కళ్ళు తెరుస్తుంది.

దండెం మీద ఉన్నన్నాళ్ళూ ‘గుడ్డ నిద్రపోతోంది’ అనేవారు ఆ ఊరివాళ్ళు. ఆ నిద్రలోనే పటిక నూలులోకి ఇంకుతుంది. అందుకని ఆ గది ముందు ఎవరూ గట్టిగా మాట్లాడకూడదు. బిందె చప్పుడు కాకూడదు. కోడళ్ళు గాజులు మోచేతి దాకా తోసుకుని నడవాలి. పానకాలైతే మునివేళ్ళ మీద నడిచేవాడు. ఎవరైనా తుమ్మితే గుడ్లురిమి చూసేవాడు.

మరి ఆయన నిద్ర మాటో? అదే కదా కథ!

ఒకనాడు ఆ దేశపు రాణిగారు కబురు పంపారు. వచ్చే పున్నమికి కూతురి పెళ్ళి. పందిరిలో పైన కట్టే మేలుకట్టు పానకాలు చేతి మీదుగానే రావాలన్నారు. పానకాలు మురిసిపోయాడు. దండం పెట్టి కోట మెట్లు దిగుతుంటే, వెనక నుంచి మంత్రి మాట చెవిన పడింది.

"ముసలివాడయ్యాడమ్మా. పట్టపగలే కునికిపాట్లు పడుతున్నాడట. ఇంకెవరికైనా అప్పగిస్తే మంచిది."

రాణిగారు ఏం బదులిచ్చారో పానకాలు వినలేదు. ఆ మాట అబద్ధమైతే నవ్వి ఊరుకునేవాడే. నిజం కాబట్టే అంత మండింది. కొన్నేళ్ళుగా మధ్యాహ్నమయ్యేసరికి ఒళ్ళు బరువెక్కుతోంది. దీపాలు పెట్టే వేళకే రెప్పలు వాలుతున్నాయి. కోడి కూయకముందే మెలకువ వచ్చేస్తోంది. ఇదంతా ఎవరికీ తెలియదనుకున్నాడు పాపం.

ఇంటికి వచ్చి భార్య నాంచారమ్మతో అన్నాడు. "మేలుకట్టు పూర్తయ్యేదాకా పగలు కన్ను మూయను. రాత్రి కలం దించను. ఈ కలం నా చేతిలోంచి ఎవడు లాక్కుంటాడో చూస్తాను!"

"ఒళ్ళు ఊరుకుంటుందా?" అంది నాంచారమ్మ.

"ఊరుకోక ఏం చేస్తుంది?" అన్నాడు పానకాలు.

ఆ రోజుల్లో నిద్రమ్మ కంటికి కనిపించేది. బూడిదరంగు చీర, చంకలో దూది బుట్ట, అడుగుల చప్పుడుండదు. ఇంటింటికీ తిరిగి, రెప్పల మీద దూదితో అద్ది పోయేది.

మర్నాడు భోజనాలయ్యాక గుమ్మంలో నిలబడింది. "నాయనా పానకాలూ, చాప వెయ్యి."

"ఇప్పుడా? గీత మధ్యలో ఉన్నానవ్వా, వెళ్ళు" అన్నాడు.

పొద్దుగూకగానే మళ్ళీ వచ్చింది. "నాయనా, దీపం తగ్గించు."

"నీతో వచ్చిన పెద్ద చిక్కే ఇది. పడుకుంటే ముసలాడంటారు, పో అవ్వా!"

ఊరంతా పడుకున్నాక మూడోసారి వచ్చింది. ఏమీ అనకుండా పక్కన కూర్చుని దూది తీసింది. పానకాలు ఆమె చెయ్యి విదిలించి కొట్టాడు. "నీకు నా ఇంట్లో పనేమిటి? ఇంకెప్పుడూ ఈ గడప తొక్కకు!"

నిద్రమ్మకు కోపం రాలేదు. కింద పడ్డ దూదిని ఏరుకుని, దుమ్ము దులిపి, బుట్టలో వేసుకుని లేచింది. "సరే నాయనా," అంది. అంతే.

ఆ తర్వాత పానకాలుకు అన్నీ తలకిందులయ్యాయి. నడుం వాల్చినా కన్ను మూతపడదు. కూర్చుంటే తల తూలుతుంది. మజ్జిగ గిన్నెలో కలం ముంచి, గీత పడలేదని కలాన్ని తిట్టాడు. పొద్దు పొడిచిందో వాలిందో అడిగి తెలుసుకునేవాడు. నిన్నా మొన్నా కలిసిపోయి ఒకటే పొగమంచు.

ఎలాగో మేలుకట్టు గీయడం అయింది. పటిక పూసి, తన చేతులతోనే దండెం మీద వేసి, మునివేళ్ళ మీద బయటికి వచ్చాడు. మర్నాడు ఇంట్లో ఎవరూ లేవకముందే గదిలోకి వెళ్ళి, దాన్ని తీసి భుజాన వేసుకుని ఏటికి నడిచాడు. చాలినన్నాళ్ళు పడుకుందనే అనుకున్నాడు. ప్రవాహంలో చక్కగా జాడించాడు. ఇంకా ఇంకని పటికంతా నీళ్ళ వెంట వెళ్ళిపోయింది. రంగులేని నీళ్ళలో రంగులేనిది పోతే ఎవరికి తెలుస్తుంది?

కాగులో ఉడికించి తీసి చూస్తే ఏముంది! నెమళ్ళు జ్వరం పడి లేచినట్టున్నాయి. లేళ్ళకు అక్కడో మచ్చ, ఇక్కడో మరక.

నాంచారమ్మ చూసి నోరు నొక్కుకుంది. "ఏవయ్యా! దీన్ని నిన్న సాయంత్రమే కదా పడుకోబెట్టావు!"

"నిన్ననా?" అన్నాడు పానకాలు. కాగు పక్కనే కూలబడి చిన్నపిల్లాడిలా ఏడ్చాడు.

ఇరుగుపొరుగు మూగారు. "ఏరు బురదగా ఉందని చెప్పెయ్" అన్నాడొకడు. "వేళ్ళు పుచ్చాయని చెప్పు" అన్నాడు ఇంకొకడు. "మీ కోడలు గాజుల చప్పుడుకు గుడ్డ లేచిందని చెప్పు, ఎవరు కాదంటారు?" అంది ఒక ముసలామె. మూలన నిలబడ్డ కోడలు పిల్ల గాజులను గట్టిగా పట్టుకుని బిక్కమొహం వేసింది.

పానకాలు ఆ పిల్లను చూశాడు. కళ్ళు తుడుచుకున్నాడు. చెడిన గుడ్డను మడిచి, కలం చేత్తో పట్టుకుని కోటకు వెళ్ళాడు.

"తల్లీ, తప్పు ఏటిది కాదు, వేళ్ళది కాదు, ఇంట్లో ఎవరిదీ కాదు. నాది" అన్నాడు. "నిద్ర లేక రోజుల లెక్క తప్పాను. గుడ్డకు నిద్ర కావాలని ఊరందరి నోళ్ళూ మూయించినవాణ్ణి, నా ఒంటికీ కావాలని ఒప్పుకోడానికి సిగ్గుపడ్డాను. ముసలాడన్నారని ఉడుక్కున్నాను."

మంత్రి తల వంచుకున్నాడు.

"పున్నమికి ఇంకా వ్యవధి ఉంది. మళ్ళీ గీస్తాను. కానీ మధ్యాహ్నం కాసేపు పడుకుంటాను. పొద్దుగూకాక కలం ముట్టను. అలా కుదరదంటే ఇదిగో, కలం ఇక్కడే పెట్టి పోతాను" అని రాణిగారి ముందు కలం పెట్టాడు.

రాణిగారు చెడిన గుడ్డను విప్పి చూశారు. పెళ్ళి పనులతో ఆవిడ కళ్ళ కింద కూడా నల్లటి చారలు కట్టాయి. "నీ కలం నువ్వు తీసుకో, పానకాలూ" అన్నారు. "పడుకుని చెయ్యి."

మాట ఇచ్చినంత తేలిక కాదు నిద్ర. పానకాలు అరుగు మీద చాప వేశాడు, రాలేదు. నడవాలో వేశాడు, రాలేదు. గడప తొక్కొద్దని తరిమిన మనిషిని ఏ మొహంతో పిలవాలి? నాంచారమ్మ చూసి చూసి, చాప చుట్టి చంకన పెట్టుకుని, గుడ్డలు నిద్రపోయే గదిలో పరిచింది. "ఇక్కడైతే ఎవరూ తుమ్మరు" అంది.

పానకాలు మునివేళ్ళ మీద లోపలికి వెళ్ళాడు. చల్లని చీకటి. గీతకు ముందు గుడ్డలను నానబెట్టే కరక్కాయ వాసన, పాల వాసన. దండేల మధ్య బూడిదరంగు చీర ఒకటి కదిలింది.

"ఎక్కడికీ పోలేదు నాయనా," అంది నిద్రమ్మ. "ఈ ఇంట్లో నాకు మర్యాద దొరికేది ఈ గదిలోనేగా."

"తప్పైపోయిందవ్వా. నా పక్కన కాసేపు కూర్చో" అన్నాడు పానకాలు.

ఆమె కూర్చుంది. రెప్పల మీద దూది మెత్తగా తగిలింది. దండేల మీది గుడ్డలు అలల్లా ఊగాయి. రంగు రాని లేళ్ళు ఒక్కొక్కటే కిందికి దిగి, చప్పుడు కాకుండా ఆయన మీదుగా నడిచి ఏటికి వెళ్ళాయి. నీళ్ళు తాగాయి. తిరిగి వచ్చి తమ తమ చోట్లలో పడుకున్నాయి. ఒక లేడి మాత్రం ఆయన అరచేతిలో మూతి పెట్టి చాలాసేపు ఉండిపోయింది.

అలా రోజూ అదే వేళకు, అదే చాప మీద పడుకున్నాడు. లేచాక పొద్దు వాలేదాకా గీశాడు. కొత్త మేలుకట్టును దండెం మీద వేసి, దాని పక్కన తనూ పడుకుంటూ, కావలసినన్నాళ్ళు ఉంచాడు. దాన్ని ఏటికి తీసుకుపోతున్నప్పుడు అది ఎన్నాళ్ళు పడుకుందో ఎవరినీ అడగాల్సిన పని పడలేదు. ఉతికాడు, కాగులో వేశాడు. తెడ్డుతో పైకెత్తేసరికి నెమళ్ళూ లేళ్ళూ నిండు ఎరుపులో మేలుకున్నాయి. నాంచారమ్మ మళ్ళీ నోరు నొక్కుకుంది, ఈసారి సంతోషంతో.

పున్నమినాడు పందిరి నిండా జనం. మేలుకట్టు కింద చల్లటి ఎర్రని నీడ. తలంబ్రాలు కాగానే మంత్రిగారు, ఆయనా పెద్దవాడే కదా, కూర్చున్నచోటే గుర్రు పెట్టడం మొదలుపెట్టారు. చుట్టూ ఉన్నవాళ్ళు కిసుక్కుమన్నారు. పానకాలు నవ్వలేదు. మునివేళ్ళ మీద నడిచి వెళ్ళి, డోలు వాయించేవాడి భుజం తట్టి, కాస్త మెల్లగా అని సైగ చేశాడు.

కాబట్టి పిల్లలూ, పెద్దలూ, వయసు మళ్ళినకొద్దీ ఒళ్ళు అడిగే విశ్రాంతిని సిగ్గుపడకుండా ఇచ్చినవాడి పని నిలుస్తుంది, అలసటను దాచుకుని మేలుకున్నవాడి పని కడిగేసరికి పోతుంది.