పన్నెండు వేల నవ్వులు

ఏలూరులో సెల్‌ఫోన్లు బాగుచేసే ధనుంజయకి నలుగురిలో తన మాట పోకూడదన్న పంతం ఉండేది.

కౌస్తుభ్ అనే కొత్త హీరో సినిమా చూసొచ్చి, టీ బడ్డీ దగ్గర ఆరుగురితో ఫోన్‌లో అభిమానుల గ్రూపు పెట్టాడు. ఒకటే నియమం: అందరూ తమ ఫొటో తీసేసి, ఎర్ర కండువాతో నవ్వుతున్న కౌస్తుభ్ ఫొటోనే పెట్టుకోవాలి. చూస్తుండగానే ఆరుగురు పన్నెండు వేలమందయ్యారు. అబ్బో, ధనుంజయ అందరికీ 'అన్న' అయిపోయాడు! ఎవరైనా హీరోని ఒక్క మాటంటే చాలు, "పట్టండి" అని రాసేవాడు. ఆ నవ్వు ముఖాలన్నీ వెళ్లి ఆ మనిషిని నోటికొచ్చినట్టు తిట్టేవి.

ఒకసారి మేరీ సుగుణ అనే రిటైరైన టీచరు, "కౌస్తుభ్ రెండో సినిమా విసుగనిపించింది" అని రాసింది.

"పట్టండి" అన్నాడు ధనుంజయ. మూడు రోజులు తిట్లు ఆగలేదు.

నాలుగోరోజు మధ్యాహ్నం గ్రూపులో ఒక వాయిస్ మెసేజ్ వచ్చింది. "నేను కౌస్తుభ్‌ని. ఆవిడ నాకు చదువు చెప్పిన టీచరమ్మ. భయంతో అన్నం మానేసింది. మీకు దండం పెడతాను, ఆపండి."

మెసేజ్ పక్కన గ్రూపులో అందరికీ ఉన్న అదే ఎర్ర కండువా, అదే నవ్వు.

"వీడెవడో దొంగ అన్నా! మిమిక్రీ చేస్తున్నాడు" అన్నారు అందరూ.

ధనుంజయకి ఆ గొంతు బాగా తెలుసు. కానీ అవునంటే అన్న పరువేం కావాలి? సిగ్గులేని మనిషి, "దొంగే. పట్టండి" అని రాశాడు. సాయంత్రానికల్లా కౌస్తుభ్ తన ఖాతా మూసుకుని వెళ్లిపోయాడు. టీచరమ్మని ఆస్పత్రిలో చేర్చారని తెలిసింది. ధనుంజయకి ఆ పూట ముద్ద దిగలేదు.

మర్నాడు దుకాణం తెరవగానే తనూ ఒక వాయిస్ మెసేజ్ పెట్టాడు. "ఒరేయ్, నిన్న వచ్చింది నిజంగా హీరోనేరా! తప్పు నాది. ఆవిణ్ణి వదిలేయండి."

వెంటనే ఒకడు రాశాడు.

"గొంతు అచ్చం అన్నదే. ఎవడో మిమిక్రీ చేస్తున్నాడు."

"దొంగే. పట్టండి" అన్నాడు ఇంకొకడు.

"నేనేరా, మీ అన్నని!" అని అరిచాడు ధనుంజయ.

రిపేరు కోసం బ్యాటరీలు తీసి బల్ల మీద పెట్టిన ఫోన్లు ఒక్కొక్కటే వెలిగాయి. ప్రతిదాంట్లో అదే ఎర్ర కండువా, అదే నవ్వు. అన్నీ కలిసి మోగడం మొదలుపెట్టాయి. అతను చెవులు మూసుకున్నా మోగుతూనే ఉన్నాయి.

చూశారా పిల్లలూ, గుంపు మెప్పు కోసం తెలిసి తెలిసీ నిజాన్ని అబద్ధమంటే, రేపు మనం నిజం చెప్పినా ఆ గుంపు నమ్మదు.