ఎర్రినాయుడి చిన్న బండి

విజయనగరంలో తాలింఖానా పెట్టి కర్రసాము నేర్పే సన్యాసయ్యగారిని ఏదడిగినా నోటితో జవాబు చెప్పేవారు కాదు. అడిగినవాడి చేతిలో కర్ర పెట్టేవారు. అది తెలిసి కూడా పెద్ద శిష్యుడు ఎర్రినాయుడు ఓ పొద్దున్న తాలింఖానాకి వచ్చి అడగక తప్పలేదు.

చెవి లోపలి జబ్బు చేసినప్పటి నుంచి అతనికి ఒళ్లు తూకం నిలవడం లేదు. మందులతో కళ్లు తిరగడం తగ్గింది. బండి నడపొచ్చు గాని బరువైనది వద్దని డాక్టరు మరీ మరీ చెప్పాడు. వింటేగా! బుల్లెట్టే తీశాడు. పరుగులో బాగానే ఉంది. రైల్వే గేటు దగ్గర ఆగబోతే పక్కకి ఒరిగింది, అంత మనిషీ పట్టలేకపోయాడు. నలుగురొచ్చి బండినీ అతన్నీ లేపారు. మోకాలి దెబ్బని ఎవరు లెక్కచేశారు, పోయింది పరువు. ఏటా ప్రదర్శన రోజున గురువుగారిని ఇంటి దగ్గర ఎక్కించుకుని తాలింఖానాకి తీసుకొచ్చే హక్కు పెద్ద శిష్యుడిది. అది చేజారితే ఎర్రినాయుడు బతికి ఉండీ లేనట్టే.

“గురువుగారండీ, సీటు కిందకుండే తేలికపాటి బండొకటి చూశాను. రెండు కాళ్లూ నేలకి ఆనుతాయి. కానీ తమర్ని దాని మీద తెస్తే జనం నవ్వరా? పోనీ, నా తర్వాతోడు సూరప్పకి అప్పగించీమంటారా?” అన్నాడు.

సన్యాసయ్యగారు లేచి గోడకున్న బరువైన కర్ర తీసిచ్చారు. ఆయన గురువు తిప్పిన కర్ర అది.

“నా తలమీదకి విసురు. వెంట్రుక తగలకుండా ఆపు.”

ఎర్రినాయుడు విసిరాడు. కర్ర ఆగలేదు సరికదా, దాని వెంటే తనూ తూలాడు. గురువుగారు చటుక్కున తప్పుకుని జబ్బ పట్టుకున్నారు గనక సరిపోయింది, లేకపోతే ఇద్దరికీ కట్లు పడేవి.

ఆయన తాను రోజూ తిప్పే సన్నకర్ర అందించారు. ఈసారి అది గాలిని కోసుకుంటూ వచ్చి, ఆ నెరిసిన జుట్టుకి వేలెడు దూరంలో ఠక్కున ఆగింది. పెద్దాయన రెప్పైనా వేయలేదు. చూస్తున్న శిష్యులంతా భేష్ అన్నారు.

“కొట్టడం ఎవడైనా కొడతాడ్రా. ఆపగలిగిందే నీ కర్ర,” అన్నారాయన. బండి మాటే ఎత్తలేదు.

ప్రదర్శన రోజు రానే వచ్చింది. ఎర్రినాయుడు ఆ చిన్న బండి మీదే బయల్దేరాడు. వెనక గురువుగారు మీసం దువ్వుకుంటూ మహారాజులా కూర్చున్నారు. తాలింఖానా ముందుకొచ్చేసరికి డప్పులవాళ్లు ఉన్నట్టుండి దారికి అడ్డం తిరిగారు. చూస్తున్నవాళ్లు అయ్యో అన్నారు. ఎర్రినాయుడు బ్రేకు నొక్కాడు, రెండు పాదాలూ నేల మీద దిగాయి, బండి పాతిన గుంజలా నిలబడింది. గురువుగారి కండువా కూడా జారలేదు. ఎర్రినాయుడి ఛాతీ అప్పుడు చూడాలి!

అయినా సూరప్ప ఊరుకుంటాడా! “ఏటి గురువుగారూ, ఇంత పెద్దోరు అంత చిన్న బండి మీదా?” అన్నాడు నవ్వుతూ.

సన్యాసయ్యగారు తాపీగా దిగి, పంచె సర్దుకుని, పెద్ద శిష్యుడి భుజం మీద చెయ్యేశారు.

“బండి సంగతి నాకేటి తెలుసురా. నన్ను తెచ్చింది మా ఎర్రినాయుడు.”