కొత్తదానిలా చేసిస్తాం

మూడోసారి కూడా హనుమాయమ్మ గారు అదే మాట అంది. "అంతా బాగుంది నాయనా. ఆ పైమాట ఒక్కటీ తీసెయ్యి."

ఎందుకండీ అంటే చెప్పదు. "ఏమో నాయనా, అది నా మాట కాదు" అంటుంది.

నాకు ఒళ్ళు మండిపోయింది. తెనాలిలో ఇంట్లోనే కూర్చుని వెబ్‌సైట్లు చేసి బతికేవాణ్ణి. ఆవిడేమో చిరిగిన చీరలకు రఫూ చేస్తుంది. దారం దారం కలిపి, అతుకు కనపడకుండా. రోడ్డు వెడల్పులో కొట్టు పోతోంది. నెలాఖరుకి ఊరవతల కూతురింటికి మారాలి. పాతవాళ్ళు వెతుక్కుంటూ రాకపోతే ముప్పై ఏళ్ళ సూది మూలన పడుతుంది. అందుకని ఆవిడ వెబ్‌సైటు ఒళ్ళు దగ్గర పెట్టుకుని చేశాను. పైన ఇంతింత అక్షరాలతో "కొత్తదానిలా చేసిస్తాం" అని రాశాను. దాన్నే తీసెయ్యమంటే ఎలా ఉంటుంది చెప్పండి?

"వేరేవాళ్ళని చూసుకోండమ్మా" అని ఫోన్లో టైప్ చేశాను. పంపబోయి, ఎందుకో ఆగి, జిలానీ మాస్టారి దగ్గరికి బయల్దేరాను.

నాకు అక్షరం నేర్పింది ఆయనే. పద్దెనిమిదో ఏట ఆయన దగ్గర బోర్డులు రాయడానికి చేరాను. ఆ రోజులే వేరు! ఇప్పటికీ ఎక్కడైనా రంగుల్లో కలిపే టర్పెంటైన్ వాసనొస్తే కాళ్ళు ఆగిపోతాయి. ఏ కొట్టుకి బోర్డు రాయాలన్నా మాస్టారు ముందు ఆ కొట్టు బల్ల మీద ఒక పూట కూర్చునేవారు. టీ తాగుతూ వచ్చేపోయేవాళ్ళ మాటలు వినేవారు. నేను రంగుడబ్బాలు పట్టుకుని నిలబడి, ఎంత బద్ధకమో ఈయనకి అని లోపల తిట్టుకునేవాణ్ణి. మధ్యాహ్నం మాస్టారి భార్య ఖాశింబీ గారు ఇద్దరికీ అన్నం తెచ్చేది. ఆవిణ్ణి నేను అమ్మా అనే పిలిచేవాణ్ణి.

తర్వాత ఫ్లెక్సీలొచ్చి మా నోట్లో మట్టికొట్టాయి. నేను కంప్యూటర్ పట్టుకున్నాను. మాస్టారు కుంచెలు కడిగి అటక మీద పెట్టేశారు. అమ్మ పోయి మూడేళ్ళయింది. ఆ ఇంటికెళితే ఇప్పటికీ ముందు వంటింటి వైపే చూస్తాను.

"వాళ్ళకేం తెలుసు మాస్టారూ?" అన్నాను కూర్చుంటూనే. "చూడ్డం రాదు, చెప్పడం రాదు. కొత్తదానిలా చేసిస్తామంటే ఎవడు కాదంటాడండీ?"

మాస్టారు అంతా విన్నారు. "ఆవిడ కొట్టు చూశావా?"

"ఎందుకండీ? అంతా ఫోన్లోనేగా."

ఆయన లేచి, గోడ పట్టుకుంటూ లోపలికెళ్ళి ఒక గుడ్డసంచి తెచ్చారు. "మేకుకి పట్టి చిరిగింది. ఆవిడకి ఇచ్చిరా. నువ్వెవరో చెప్పకు."

ఇంత గొడవ చెబితే నన్ను బజారు పనికి పంపిస్తున్నాడేమిట్రా ఈయన అనుకున్నాను. కానీ వెళ్ళాను.

కొట్టు ఇద్దరు నిలబడితే నిండిపోయేంత ఉంది. హనుమాయమ్మ గారు కళ్ళజోడు మీంచి చూసి చెయ్యి చాపింది. సంచిలోంచి చీర తీశాను. గులాబీరంగు వెంకటగిరి చీర. అమ్మది.

కొంగు మీద నీలం మరక ఉంది.

నేను మొదటి బోర్డు రాసిన రోజుది అది. చేతినిండా నీలం రంగు. "ఈ చేత్తో అన్నమెలా తింటావురా వెధవా" అంటూ, గుడ్డపీలిక కనపడకపోతే అమ్మ తన కొంగుతోనే తుడిచింది. చీర పాడవుతుందమ్మా అంటే, "ఉతికితే పోతుందిలేరా" అంది. పాతికేళ్ళయినా పోలేదు.

హనుమాయమ్మ గారు చిరుగు చూసింది. తర్వాత మరక మీద వేలు పెట్టింది. "పెయింటులా ఉందే. ఇంతమేరా దారాలు లాగేసి కొత్తవి వెయ్యనా నాయనా?"

"వద్దండీ!" అరిచినంత పని చేశాను. "చిరుగొక్కటే చూడండి. మరక జోలికి వెళ్ళకండి." అంత పెద్దావిడ ముందు సిగ్గులేకుండా ఏడ్చేశాను.

ఆవిడేమీ ఆశ్చర్యపోలేదు. చిరుగు పక్కన గుండుసూది గుచ్చుతూ, "ఇక్కడికొచ్చే వాళ్ళంతా ఏదో ఒకటి ఉంచమంటారు నాయనా" అంది. "మొన్నొకావిడ పసుపు మరక ఉంచమంది. వాళ్ళమ్మ చేతిదట."

రోడ్డు మీదికొచ్చి ఫోన్లో టైప్ చేసిన మాట చెరిపేశాను.

మాస్టారు అరుగు మీదే ఉన్నారు. "ఇచ్చావా?"

"ఇచ్చానండి."

"ఏమని చెప్పావు?"

"చిరుగొక్కటే బాగుచెయ్యమన్నాను. మరక ఉండనివ్వమన్నాను."

మాస్టారు పక్కకి జరిగి అరుగు మీద నాకు చోటిచ్చారు.

"అయితే, ఆ పైమాట తీసేసి అదే రాయి" అన్నారు.