చెదలు తిన్న అప్పుపత్రం

అనగనగా వెదురు పొదల నడుమ వేణుపురం అనే పట్టణం. అక్కడి మేదర వీధిలో సూరమ్మ బుట్టలు అల్లుకుంటూ ఒంటరిగా బతికేది. భర్త ముత్యాలయ్య పోయి ఏడాదయింది.

ఒకనాడు వడ్డీ వ్యాపారి ధనగుప్తుడు ఆమె గుమ్మంలో నిలబడ్డాడు. వెనక ఇద్దరు కర్రలవాళ్లు.

“నీ మొగుడు నా దగ్గర నూరు వరహాలు తీసుకున్నాడు. కట్టు!”

సూరమ్మ అల్లుతున్న బుట్ట పక్కన పెట్టింది. “నాతో ఎప్పుడూ చెప్పలేదే అయ్యా!”

“పోయేముందు నీకు అన్నీ చెప్పి పోయాడా?”

ఆ మాట ముల్లులా దిగింది. నిజంగానే తీసుకున్నాడేమో! ఆ రోజంతా ఆమె ఒక్క బుట్టా అల్లలేదు.

రెండోసారి డప్పుతో వచ్చారు. “ముత్యాలయ్య పెళ్లాం అప్పు ఎగ్గొట్టింది!” అని వీధంతా చాటారు. ఇరుగుపొరుగు తలుపులు ఒక్కొక్కటే మూసుకున్నాయి.

మూడోసారి కర్రలవాడు గడప ముందు బొగ్గుతో గీత గీశాడు. “శుక్రవారానికి కట్టకపోతే ఇల్లు మాది. ఈ గీత దాటావో, కాళ్లు విరుగుతాయి!”

వాళ్లు వెళ్లగానే సూరమ్మ పెరటి దారిన బయటపడింది. చెవి కమ్మలు తీసుకుని కంసాలి నాగలింగం దగ్గరికి పరుగెత్తింది.

“ఇవి ఎందుకు అమ్ముతున్నావు తల్లీ?” అన్నాడు నాగలింగం. సంగతి విని, “ఆ పత్రం కళ్లారా చూశావా?” అని అడిగాడు.

“అడగాలంటేనే భయం బాబూ.”

“కమ్మలు చెవులకే పెట్టుకో. న్యాయవాది విశాలాక్షమ్మ దగ్గరికి వెళ్లు.”

అప్పుల పేరిట బెదిరింపులకు గురయ్యేవాళ్ల తరఫున రాజసభలో వాదించడమే విశాలాక్షమ్మ వృత్తి.

“భయపడటం తప్పు కాదమ్మా,” అందామె. “ఉన్న అప్పయితే గడువు అడుగుదాం. లేని అప్పయితే గవ్వ కూడా కట్టొద్దు. ముందు పత్రం చూద్దాం.”

పత్రం చూపమని ధనగుప్తుడికి లేఖ రాసింది. జవాబు రాలేదు. వెంటనే రాజుకు ఫిర్యాదు చేసి, విచారణ ముగిసేదాకా ఇంటి జోలికి ఎవరూ పోకుండా ఆజ్ఞ తెచ్చింది.

విచారణ రోజు మేదర వీధి జనమంతా సభకు వచ్చారు.

“పత్రమేదీ?” అన్నాడు రాజు.

ధనగుప్తుడు చేతులు జోడించాడు. “ఇంట్లో భద్రంగా ఉంది ప్రభూ.”

“అయితే తెప్పించండి,” అంది విశాలాక్షమ్మ.

భటులు తెచ్చిన పత్రాన్ని చెదలు సగానికి పైగా తినేశాయి. చదవడానికి మిగిలింది ఒక్క ముక్క: “...య్య, మేదర వీధి.”

సూరమ్మ ముందుకు వచ్చింది. “మా వీధి నిండా అయ్యలే ప్రభూ! ఇది మా ఆయన పేరని ఎలా తెలిసింది?”

అప్పుడు జనంలోంచి ఒక ముసలామె లేచింది. “నేను రాగయ్య పెళ్లాన్ని. ఈ పత్రం పేరు చెప్పే నా మేకలన్నీ తోలుకుపోయాడు.”

మరొకామె ఏడుస్తూ అంది: “నేను బండయ్య పెళ్లాన్ని. భయపడి నేనూ కట్టాను. సూరమ్మా, ఆ డప్పు వినగానే నా తలుపు అందుకే మూసుకున్నానే!”

పోయినవాళ్లు వచ్చి కాదనలేరు కదా అని, ఒకే చెదల పత్రంతో ధనగుప్తుడు ముగ్గురు వితంతువులను పీడించాడు.

రాజు సూరమ్మకు ఏ అప్పూ లేదని తేల్చి, ఆ ఇద్దరికీ రెండింతలు తిరిగి ఇప్పించాడు. ధనగుప్తుడిని చెరలో వేయించాడు.

భయంతో కట్టే అప్పు ఎన్నటికీ తీరదు. బాకీ ఉందన్నవాణ్ణి ముందు రుజువు చూపమని అడగాలి.