మాట్లాడని రెండో లినక్స్

సామర్లకోటలో శేషగిరి అనే బీమా గుమాస్తా ఉండేవాడు. ఇంట్లో ఏ వస్తువైనా పాతబడినట్టు కనిపిస్తే చాలు, దాన్ని ఇంకెవరు వాడుతున్నారో చూడకుండా మార్చేసేవాడు. ఒకసారి వంటింట్లో డబ్బాలన్నీ తీసేసి ఒకే రంగువి తెచ్చి వరసగా పేర్చాడు. చూడ్డానికి ముచ్చటగానే ఉన్నాయి. ఆ వారమంతా ఇంటిల్లిపాదీ ఉప్పు కాఫీ తాగారు. అయినా శేషగిరికి బుద్ధి రాలేదు, ఎందుకంటే అతను తాగేది టీ, అదీ ఆఫీసులో.

ఆ ఇంట్లోనే అతని అక్క వకుళ ఉండేది. ఆమె బళ్లో తెలుగు చెప్పేది. కంటి నరాలు దెబ్బతిని, క్రమంగా చూపు పోయింది. ఉద్యోగం వదిలేసి తమ్ముడి దగ్గరికి వచ్చింది. శేషగిరి మనసు చెడ్డది కాదు. అక్కకి ఊసుపోవడం లేదని, ఇంట్లో ఉన్న కంప్యూటర్‌లో లినక్స్ వేసిపెట్టాడు. లినక్స్ అంటే కంప్యూటర్‌ని నడిపించే మూల సాఫ్ట్‌వేర్. ఉచితంగా దొరుకుతుంది. పప్పుచారు ఇంటికో తీరుగా ఉన్నట్టు అందులోనూ ఎన్నో రకాలు ఉంటాయి. శేషగిరి వేసిన రకం తెర మీద ఉన్న అక్షరాలను తెలుగులో పైకి చదివేది. గొంతు కాస్త ముక్కుతో మాట్లాడినట్టు ఉండేది గాని, వకుళకి అది చాలు.

ఆమె ఆ కంప్యూటర్‌ని చెవితో, వేళ్లతో నేర్చుకుంది. గుర్తుపట్టాల్సిన మీటల మీద బొట్టుబిళ్లలు అంటించుకుంది. ఆన్ చేసి చేతులు ఒళ్లో పెట్టుకుని కూర్చునేది. కాసేపటికి ఆ ముక్కు గొంతు పలకరించేది. ఇక ఆమెకు ఎవరి సాయమూ అక్కర్లేదు. చూపు పోయాక ఎవరినీ అడగకుండా ఆమె చేసుకునే పని ఇంట్లో అదొక్కటే.

అలా ఉండగా విశాఖపట్నంలో ఒక సంస్థ నుంచి ఆమెకు కబురు వచ్చింది. చూపు లేనివాళ్ల కోసం పుస్తకాలు తయారుచేసే సంస్థ అది. టైపు చేసిన పుస్తకాలను విని తప్పులు దిద్దేవాళ్లు వాళ్లకి కావాలి. ఆదివారం పొద్దున్న పదింటికి ఒక అధ్యాయం పంపుతామని, మధ్యాహ్నంలోగా దిద్ది తిప్పి పంపాలని, బాగా దిద్దినవాళ్లకి ఉద్యోగం ఇస్తామని చెప్పారు. మళ్లీ ఉద్యోగం అన్న మాట వినగానే వకుళ సరేనంది. ఆ వారమంతా ఆమె పాత కథలు పెట్టుకుని తప్పులు దిద్దడం అలవాటు చేసుకుంది.

సరిగ్గా ఆ వారమే శేషగిరికి తన లినక్స్ మొహం మొత్తింది. పొరుగింటి పుల్లకూర రుచి అన్నారు కదా. ఫోన్‌లో అతనికి ఒక గుంపు ఉంది. అందులో ఉన్నవాళ్లంతా లినక్స్ భక్తులే. ఎవరి రకం వాళ్లకి గొప్ప. ఒకాయన తనది గుర్రంలా పరుగెడుతుందన్నాడు. ఇంకొకాయన తనది వాడనివాడికి కంప్యూటర్ ఎందుకన్నాడు. పాతదాన్ని అలాగే ఉంచి, పక్కనే రెండోది వేసుకుంటానని, ఏది వేసుకోవాలో చెప్పమని శేషగిరి అడిగాడు. కుప్పలు తెప్పలుగా సలహాలు వచ్చిపడ్డాయి. కర్నూలు నుంచి ఒకావిడ మాత్రం సలహా ఇవ్వలేదు, ఇంట్లో ఆ కంప్యూటర్ ఇంకెవరైనా వాడతారా అని అడిగింది.

"నేనొక్కణ్ణే అనుకోండి," అని శేషగిరి జవాబు రాశాడు. అలా రాస్తే మాటలు తగ్గుతాయని అతని ఉద్దేశం.

చివరికి బొమ్మలు చూసి ఒకటి ఎంచుకున్నాడు. తెర నిండా మంచు కొండలు, అద్దంలా మెరిసే కిటికీలు, నీళ్లలో తేలినట్టు కదిలే గుర్తులు. అది మాట్లాడుతుందా లేదా అన్నది అతనికి తట్టనే లేదు. శనివారం మధ్యాహ్నం దాన్ని ఎక్కించిన పెన్‌డ్రైవ్ పట్టుకుని కంప్యూటర్ ముందు కూర్చుంటుంటే వకుళ అలికిడి విని, ఏం చేస్తున్నావని అడిగింది. అతను చెప్పాడు.

"రేపు నాకు పని ఉందిరా శేషూ. సోమవారం పెట్టుకోరాదూ?"

"నీదాని జోలికి నేనెందుకు వెళ్తానక్కా? నీది నీకే ఉంటుంది. ఇది పక్కన ఉంటుంది, అంతే."

అన్న మాట నిలబెట్టుకున్నాడు కూడా. డిస్కులో పాతదాని చోటు ముట్టుకోలేదు. వకుళ రాసుకున్నవన్నీ ముందే వేరే చోట దాచాడు. కొత్తదానికి ఖాళీ చోటు విడిగా ఇచ్చాడు. పని చక్కగా అయింది. మంచు కొండలు రాగానే గుంపులో పెట్టడానికి ఫోటో తీయబోయాడు. కీబోర్డు మీద ఆ ఎర్ర బొట్టుబిళ్లలు అందం చెడగొడుతున్నాయనిపించింది. గోటితో ఒక్కొక్కటే గీకి పారేసి ఫోటో తీశాడు. గుంపులో అందరూ మెచ్చుకున్నారు.

ఒక్క సంగతి మాత్రం అతను పట్టించుకోలేదు. కంప్యూటర్‌లో రెండు లినక్స్‌లు ఉంటే, ఆన్ చేయగానే తెర మీద నాలుగు వరసల పట్టీ ఒకటి వస్తుంది. ఏది కావాలో అందులో ఎంచుకోవాలి. కాసేపు ఎవరూ ఏమీ నొక్కకపోతే పై వరసలో ఉన్నది దానంతటదే మొదలవుతుంది. కొత్తగా వచ్చింది దర్జాగా పై వరసలో కూర్చుంది. రెండో వరస కూడా కొత్తదానికే పోగా వకుళది మూడో వరసకి దిగింది. ఆ పట్టీ చప్పుడు చేయదు.

ఆదివారం తెల్లవారగానే శేషగిరి, అతని భార్య రాజోలులో పెళ్లికి వెళ్లిపోయారు. వకుళ స్నానం చేసి, దీపం పెట్టుకుని, పదింటికి ముందే కంప్యూటర్ ఆన్ చేసి చేతులు ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. లోపల ఫ్యాను తిరుగుతున్న చప్పుడు వినిపించింది. ముక్కు గొంతు పలకలేదు. స్పీకరు వైరు ఊడిందేమోనని తడిమి చూసింది. ఊడలేదు. ఆర్పి మళ్లీ వెలిగించింది. మళ్లీ ఫ్యాను చప్పుడే. ఆమె ముందు మంచు కొండలు మెరుస్తూనే ఉన్నాయి.

పక్కింటి తలుపు కొట్టింది. వాళ్లు అన్నవరం వెళ్లారు. తమ్ముడికి ఫోన్ చేసింది. సన్నాయి మోతలో అతనికి వినబడలేదు. మూడోసారికి ఎత్తి పందిరి బయటికి వచ్చాడు. సంగతి విని, ఇంతేనా అన్నట్టు చెప్పాడు. "తెర మీద పట్టీ వస్తుందక్కా. రాగానే కింది బాణం మీట రెండుసార్లు నొక్కి ఎంటర్ కొట్టు."

"వచ్చినట్టు నాకెలా తెలుస్తుందిరా?"

ఆన్ చేసి కాసేపు ఆగి నొక్కి చూడమన్నాడు.

కాసేపు అంటే ఎంతసేపో ఆమెకు తెలియదు. ఒకసారి ముందు నొక్కింది, ఒకసారి ఆలస్యంగా నొక్కింది. బిళ్లలు లేక ఒకసారి బాణం అనుకుని దాని పక్క మీట నొక్కింది. ప్రతిసారీ నిశ్శబ్దమే జవాబు. గోడ గడియారం పన్నెండు కొట్టింది. వకుళ విశాఖపట్నం ఫోన్ చేసి ఉన్నదున్నట్టు చెప్పింది. అవతలి ఆయన మర్యాదగానే మాట్లాడాడు. మిగతావాళ్లంతా దిద్ది పంపేశారని, ఒకరి కోసం గడువు పెంచలేమని అన్నాడు.

సాయంత్రం శేషగిరి వచ్చేసరికి ఆమె వాకిట్లో కూర్చుని చిక్కుడుకాయలు వలుస్తోంది. అతను తిన్నగా లోపలికి వెళ్లి కంప్యూటర్ ఆన్ చేశాడు. మీట రెండుసార్లు నొక్కాడు. ముక్కు గొంతు చక్కగా పలకరించింది.

"చూడక్కా, నీది ఎక్కడికీ పోలేదు. చెక్కుచెదరకుండా ఉంది," అన్నాడు.

"ఉందిరా. నేనే దాని దగ్గరికి వెళ్లలేకపోయాను," అంది వకుళ. కాయలు వలవడం ఆపలేదు. "గది అలాగే ఉంచి గుమ్మం పక్కకి జరిపావు. కళ్లున్నవాళ్లయితే వెతుక్కుంటారు."

ఆమె తిట్టి ఉంటే అతనికి తేలిగ్గా ఉండేది. తిట్టలేదు. ఆ రాత్రి అతనికి అన్నం సహించలేదు.

మర్నాడు ఆఫీసుకి సెలవు పెట్టి, కంప్యూటర్ ముందు కూర్చుని కళ్లకి తువ్వాలు కట్టుకున్నాడు. ఆన్ చేశాడు. ఫ్యాను తిరిగింది. ఎప్పుడు నొక్కాలో తెలియలేదు. తోచినప్పుడు నొక్కాడు. ఏమైందో తెలియలేదు. అన్నీ తెలిసి వేసినవాడు కూడా అరగంటసేపు తడుముకుంటూ కూర్చున్నాడు. తువ్వాలు విప్పి, అక్క దగ్గరికి వెళ్లి, అడగాల్సిన మాట అప్పుడు అడిగాడు. నీకు ఎలా ఉంటే వీలుగా ఉంటుంది అని.

చేతులు కాలాక ఆకులు పట్టుకోవడమే. అయినా పట్టుకున్నాడు. పాతదాన్ని మళ్లీ పై వరసకి తెచ్చాడు. పట్టీ రాగానే కంప్యూటర్ 'టింగ్' మనేలా అమర్చాడు. మంచు కొండలను తీసేశాడు. రెండోది వేసుకోవాలన్న సరదా మాత్రం పోలేదు. అది పుట్టుకతో వచ్చింది, తువ్వాలుతో పోయేది కాదు. ఈసారి కర్నూలు ఆవిడని అడిగితే, వేసేటప్పుడే పైకి చదివి చెప్పే రకం ఒకటి చెప్పింది. దాని మొహం సాదాగా ఉంటుంది. పెన్‌డ్రైవ్ పెట్టి శేషగిరి కుర్చీలోంచి లేచాడు. వకుళ కూర్చుంది. గొంతు అడుగుతుంటే ఆమే విని, ఆమే మీటలు నొక్కి, ఆ రెండో లినక్స్‌ని మొదటినుంచి చివరిదాకా వేసింది. శేషగిరి చేతులు కట్టుకుని పక్కన నిలబడ్డాడు. మధ్యలో రెండుసార్లు నోరు తెరిచాడు గాని, ఆమె చెయ్యి ఎత్తితే మూసుకున్నాడు.

"ఈ గొంతు ఫరవాలేదురా. ముక్కుతో మాట్లాడదు," అంది వకుళ.

ఆ ఉద్యోగం మాత్రం తిరిగి రాలేదు. అది వేరేవాళ్లకి వెళ్లింది. మళ్లీ ఎప్పుడు పిలుస్తారో తెలియదు. వకుళ ఇప్పటికీ పాత కథలు పెట్టుకుని తప్పులు దిద్దుతూనే ఉంది.

శేషగిరి గుంపులో ఇంకో ఫోటో పెట్టాడు. తెర సాదాగా ఉంది. కీబోర్డు మీద కొత్త బొట్టుబిళ్లలు ఎర్రగా కనిపిస్తున్నాయి. ఆ మచ్చలేమిటని ఎవరో వేళాకోళం చేశారు. కర్నూలు ఆవిడకి ఎప్పుడో ఇవ్వాల్సిన జవాబు శేషగిరి అప్పుడు రాశాడు: "ఈ కంప్యూటర్ మా అక్క కూడా వాడుతుంది."

నీతి: నలుగురూ వాడుకునే వస్తువును మార్చే ముందు ఆ నలుగురినీ అడగాలి, ఆ మార్పుతో ఎవరికి ఎక్కువ ఇబ్బందో, వాళ్లని అందరికన్నా ముందు అడగాలి.