వంతెన మీద రెండు జవాబులు

పూర్వం ఒక రాజ్యంలో ఊరి ప్రతినిధి రాసి అడిగిన ప్రశ్నకు అధికారి కూడా రాతలోనే జవాబివ్వాలన్న నియమం ఉండేది. గొర్రెల కాపరి తవిటయ్య అలాంటి ప్రతినిధి. వాళ్ల ఊరి ఏటి మీది చెక్క వంతెన పలక విరిగి అతని తమ్ముడు నీళ్లలో పడి చనిపోయాడు.

తవిటయ్య ఏడుపు దిగమింగుకుని, "ఆ వంతెన మీద జనం నడవవచ్చా?" అని రాశాడు.

"నిర్భయంగా నడవవచ్చు" అని వంతెనల అధికారి విరూపాక్షుడు రాసిచ్చాడు.

"రేపు రాజుగారు దాని మీదుగా మా ఊరు రావచ్చా?" అని తవిటయ్య మళ్లీ రాశాడు.

రాజుకేమైనా అయితే తన తల దక్కదని విరూపాక్షుడికి తెలుసు. "రాకూడదు, పలకలు పుచ్చాయి" అని రాయక తప్పలేదు.

తవిటయ్య రెండు జవాబులూ సభలో చదివించాడు.

రాజు ముఖం నల్లబడింది. "మీ ప్రాణాలు నా ప్రాణం కంటే చవకని ఎవరన్నారు?"

"నేననలేదు ప్రభూ. అధికారిగారే రాసిచ్చారు."

వానలు పడేలోపే కొత్త వంతెన వేశారు. తమ్ముడి పిల్లల చేతులు పట్టుకుని తవిటయ్య ఏరు దాటాడు.